గల్ఫ్‌లో పిల్లల దగ్గరికి ఎప్పుడెళ్లాలి? గోదావరి అమ్మానాన్నల కోసం ఎండల లెక్క

మార్చి నెలాఖరు వచ్చేసరికి మా వైపు ఇళ్లలో ఫోన్లు ఇలా ఉంటాయి: "అమ్మా, దాళ్వా కోతలైపోతాయి కదా, మేలో ఇద్దరూ వచ్చేయండి. ఇక్కడ ఏసీలో హాయిగా కూర్చుందురు గాని." రాజోలు, మలికిపురం, పి.గన్నవరం, గోదారి అవతల నర్సాపురం, పాలకొల్లు... ఏ ఊరు తీసుకున్నా కువైట్‌లోనో మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లు వీధికి నలుగురైనా తేలతారు. పిలుపు ప్రేమతోనే వస్తుంది. నెల మాత్రం తప్పు.

తప్పని నాకెలా తెలుసంటే, నేనూ అదే పిలుపు పిలిచాను. తొమ్మిదేళ్లు మస్కట్‌లో పనిచేశాను, అక్కా బావగారూ ఇప్పటికీ కువైట్‌లోనే ఉన్నారు. అమ్మానాన్నల్ని మొదటిసారి తీసుకెళ్లింది మే చివరి వారంలో. వెళ్లిన మూడో రోజు రాత్రి పదింటికి నాన్నగారు, అరుగు మీద కూర్చునే అలవాటు కొద్దీ, కుర్చీ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లారు. ఇనుప కడ్డీ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశారు. "పొద్దుగూకి మూడు గంటలైంది, ఇదింకా కాలుతోందేంట్రా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ నెల రోజుల్లో వాళ్లు చూసిన ఒమన్ అంటే మా ఫ్లాటు, ఒక సూపర్ మార్కెట్టు, ఆ రెండింటి మధ్యా కారు అద్దం.

అందుకే ఈ లెక్క. ఏ ఊరికి ఏ నెలలో వెళ్తే బాగుంటుంది, ఎవరు వెళ్లకుండా ఉంటే మంచిది, అసలు మీరు వెళ్లడం మేలా, వాళ్లు రావడం మేలా అన్నది ఒక్కో చోటు పెట్టి చూద్దాం.

## వాళ్ల వేసవి మన వేసవి కాదు

మన ఎండలకు కొలత కార్తెలు. మే 11 ప్రాంతంలో కృత్తిక, 25 దగ్గర రోహిణి, జూన్ 8కి మృగశిర. రోహిణిలో రోళ్లు పగులుతాయంటాం. మృగశిర వచ్చేసరికి ఒక్క వానైనా పడి మట్టి వాసన తగులుతుంది.

అరబ్బులకూ ఇలాంటి చుక్కల లెక్కే ఉంది. మన కృత్తికల్నే వాళ్లు తురయ్యా అంటారు. ఏప్రిల్ చివర్లో సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనపడకుండా పోయిన ఆ చుక్కల గుంపు జూన్ 7 ప్రాంతంలో తెల్లవారుజామున మళ్లీ తూర్పున కనిపిస్తే, వాళ్లకు అసలు ఎండాకాలం మొదలైనట్టు. అంటే మృగశిర ముంగిట్లో మనం హమ్మయ్య అనుకునే వారంలోనే వాళ్లకు గండం మొదలవుతుంది. మనకు జూన్‌లో మబ్బు వచ్చి ఎండను అడ్డుకుంటుంది. ఇక్కడ వానలు కురిపించి పైకి లేచిన గాలే పడమటి ఎడారుల మీద కిందికి దిగుతూ అక్కడ మబ్బు పట్టనివ్వదు. మన చల్లదనానికీ వాళ్ల మంటకూ ఒక చోట చుట్టరికం ఉందన్నమాట.

మళ్లీ ఆగస్టు 24 దగ్గర సుహైల్ అనే చుక్క పొడుస్తుంది. అది మన అగస్త్య నక్షత్రమే. సుహైల్ కనిపిస్తే రాత్రిళ్లు చల్లబడతాయని వాళ్ల నమ్మకం. ఎడారి లోపలి ఊళ్లకు ఆ మాట కొంత నిజమే. సముద్రపు ఒడ్డున ఉండే దుబాయ్, దోహాలకు మాత్రం నమ్మొద్దు. అక్కడ ఉక్కపోత ముదిరేదే ఆగస్టు, సెప్టెంబర్లలో. తెరిపి అక్టోబర్ సగం దాటాకే.

## థర్మామీటర్ కన్నా ముందు చూడాల్సినవి

పగటి ఉష్ణోగ్రత ఒక్కటే చూసి టికెట్ కొనేవాళ్లు ఎక్కువ. నా దృష్టిలో అది నాలుగో లెక్క.

మొదటిది రాత్రి. పగలు ఎంత కాసినా రాత్రి ఒళ్లు చల్లబడితే పెద్దవాళ్లు తట్టుకుంటారు. మన మే నెలలో రాత్రి 27, 28 డిగ్రీలకు దిగుతుంది, దానికే మనం డాబా మీద పక్కలు వేస్తాం. గల్ఫ్‌లో జులై రాత్రి 30కి పైనే ఆగిపోవడం మామూలు. ఒమన్ తీరంలో ఖురియాత్ అనే ఊళ్లో 2018 జూన్ 26న ఇరవై నాలుగ్గంటల్లో అతి తక్కువ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు. ఆ రోజు అక్కడి 'చల్లటి' వేళ మన వడగాడ్పుల మధ్యాహ్నంతో సమానం.

రెండోది ఉక్కా, పొడి ఎండా అన్నది. దీన్ని కొంచెం విడమరచి చెప్పాలి, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన ఒళ్లు చల్లబడేది చెమట ఆరడం వల్ల. గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటే చెమట కారుతుంది గాని ఆరదు. అదే ఉక్కపోత, డెల్టాలో పుట్టినవాడికి అది కొత్త కాదు. కువైట్, రియాద్ లాంటి చోట్ల దీనికి తలకిందులు. గాలి పొడి, చెమట పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది. ఒంటికి తడి తగలదు. మా బావగారి నాన్నగారు జూన్‌లో కువైట్ వెళ్లి, "ఇక్కడ చెమటే పట్టడం లేదమ్మా, మన ఊరి కన్నా నయం" అని అక్కతో అన్నారు. అని, పదకొండింటప్పుడు రెండు వీధుల అవతల బకాలాకి, అంటే కిరాణా కొట్టుకి, పెరుగు ప్యాకెట్ కోసం నడిచి వెళ్లారు. తిరిగొచ్చి మెట్ల మీద కూలబడ్డారు. నల్ల చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు గీతలు. చెమట పట్టలేదనుకున్నదంతా పట్టి, ఆరి, చొక్కా మీద ఉప్పుగా మిగిలిందన్నమాట. ఒంట్లో నీరు పోతోందని చెప్పే గుర్తే మనకు చెమట, ఆ గుర్తు అక్కడ కనపడదు.

మూడోది గాలి, దుమ్ము. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇదే మొదటి లెక్క కావాలి.

ఇంకొకటి, వాతావరణానికి సంబంధం లేనిది: మీరు వెళ్లేసరికి అక్కడ అబ్బాయికో కోడలికో సెలవుందా? లేకపోతే పొద్దున్న ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా నాలుగు గోడలూ మీవే.

## ముందు పట్టీ

అంకెలు ఆయా చోట్ల మామూలు రోజుల్లో ఉండే సుమారు డిగ్రీలు. ఏటా ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి.

| చోటు | ఎండ ముదిరే నెలలు | పగలు | రాత్రి | తీరు | వెళ్లదగ్గ నెలలు |
|---|---|---|---|---|---|
| కోనసీమ తీరం | మే, జూన్ మొదటి వారం | 36–38, వడగాడ్పుల్లో 40 పైన | 27–28 | ఉక్క | ఇల్లే కదా |
| కువైట్ | జూన్ నుంచి ఆగస్టు | 45–48 | 30 పైన | పొడి, దుమ్ము | నవంబర్. ఫిబ్రవరి సగం నుంచి మార్చి |
| దుబాయ్, అబుదాబి, దోహా | జులై, ఆగస్టు | 41–43 | 30–32 | ఉక్క | నవంబర్ నుంచి మార్చి |
| మస్కట్ | మే, జూన్ | 39–41 | 30–32 | ఉక్క, నడుమ పడమటి గాలి | నవంబర్ నుంచి మార్చి |
| సలాలా (ఒమన్ దక్షిణ తీరం) | మే | 32–33 | 26–27 | జులైలో జల్లు, పొగమంచు | జూన్ చివర నుంచి సెప్టెంబర్; చలికాలమూ బాగే |

## కదలకుండా ఇంట్లోనే ఉంటే

మేలో డెల్టాలో ఉండటం అంత తీసిపారేయాల్సిన పనేం కాదు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు ఊళ్లకు ప్రాణం లేచొస్తుంది. తాటి ముంజలు, పనస తొనలు, కొత్తపల్లి కొబ్బరి మామిడి అన్నీ ఆ నెలలోనే. చిక్కల్లా పడమటి గాలి గట్టిగా వీచి, సముద్రపు గాలిని లోపలికి రానివ్వని రోజులతో. ఆ రోజుల్లో రాజమండ్రి 45 వైపు పోతుంది, అమలాపురం కూడా తప్పించుకోలేదు. 2015 మే వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పోయినవాళ్లు రెండు వేలకు పైనే. కాబట్టి మన ఎండ చిన్నదని కాదు. వారం పదిరోజులు చంపుతుంది, తర్వాత ఒక గాలివాన దించుతుంది. గల్ఫ్ ఎండకు ఆ విరామం లేదు.

పైగా మన మే ఒక్కో ఏడు ఒక్కో రకం. 2010లో లైలా, 2022లో అసాని తుపాన్లు మే నెలలోనే మన తీరానికి వచ్చాయి. అసాని మచిలీపట్నం, నర్సాపురం మధ్య తీరం తాకింది. కాలువలు కట్టేసి, చెరువు నీళ్లు అడుగంటే నెల కూడా ఇదే. మంచినీళ్లకు ఇబ్బంది పడే ఊరైతే అదీ లెక్కలో వేసుకోండి.

## కువైట్

చలికాలంలో ఇంత బాగుండే ఊరు ఎండాకాలంలో ఇలా అవుతుందంటే నమ్మడం కష్టం. 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ పరీక్షించి ఒప్పుకున్న అంకె అది. జూన్, జులైల్లో వాయవ్యం నుంచి షమాల్ అనే గాలి వీస్తుంది. ఫ్యాన్ గాలి కాదది, బట్టీ మూత తీసినప్పుడు ముఖాన కొట్టే సెగ. వెంట ఇరాక్ వైపు నుంచి దుమ్ము. దుమ్ము ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. 2022 మేలో దుమ్ము తుపాన్లకు కువైట్ విమానాశ్రయంలో విమానాలు ఆపేయాల్సి వచ్చింది. మనవాళ్లు మేలో వెళ్దామనుకునేది సరిగ్గా ఆ దుమ్ములోకే.

అక్క వాళ్లింట్లో ఒక చిత్రం చూశాను. జులైలో గీజర్ స్విచ్ ఆపేసి ఉంటుంది, స్నానానికి మాత్రం వేడినీళ్ల పంపే తిప్పుతారు. మేడ మీద ట్యాంకు ఎండకు మరిగి చన్నీళ్ల పంపులో చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లొస్తాయి. గీజర్‌లో నిలవున్న నీళ్లేమో ఇంట్లో ఏసీకి చల్లబడి ఉంటాయి. పెద్దవాళ్లు వెళ్తే ముందు రోజే ఈ పంపుల సంగతి చెప్పాలి. మా అమ్మ చెయ్యి కాల్చుకుంది.

ఇంకో మాట, జనవరిలోనూ వెళ్లొద్దు. ఎడారి చలి వేరు. రాత్రి పది డిగ్రీల లోపుకి దిగుతుంది, స్వెట్టరంటే పెట్టెలో అడుగున ఉండే వస్తువుగా బతికిన కోనసీమ మనిషికి అదీ శిక్షే. ఫిబ్రవరి సగం నుంచి మార్చి ఆఖరు దాకా కువైట్ బంగారం. వాన పడిన ఏడు ఎడారిలో పచ్చిక మొలుస్తుంది, జనం గుడారాలు వేసుకుని ఉంటారు.

## దుబాయ్, అబుదాబి, దోహా

ఇవి మన ఉక్కకు పెద్దన్నలు. అంకె కువైట్ కన్నా తక్కువే కనిపిస్తుంది, అది చూసి మోసపోవద్దు. పక్కనున్న సముద్రం లోతు తక్కువ కాబట్టి వేసవిలో నీళ్లే వేడెక్కిపోతాయి, ఆవిరి ఒడ్డునే ముసురుకుంటుంది. ఆగస్టు రాత్రి చల్లటి మాల్ నుంచి బయటికి అడుగు పెట్టగానే కళ్లజోడు తెల్లగా మసకబారుతుంది. తుడుచుకుంటే మళ్లీ పడుతుంది. కారు అద్దాలకు నీళ్లు బయటివైపు కారుతుంటాయి. నర్సాపురంలో ఉక్కకు అలవాటుపడిన మనిషికి ఇది తెలిసిన బాధే, రెండింతలు.

అయినా వేసవిలో వెళ్లక తప్పదనుకుంటే, గల్ఫ్ మొత్తంలో పెద్దవాళ్లకు కాస్త వీలైనది దుబాయే అంటాను. నడవడానికి మాల్స్, ఏసీ బస్టాపులు, మెట్రో ఉన్నాయి. పొద్దున్న మాల్ తెరవగానే లోపల నాలుగు చుట్లు నడిచే మనవాళ్లను చాలామందిని చూశాను. ఎడారి సఫారీ, సముద్రపు ఒడ్డు లాంటివి ఆ నెలల్లో మర్చిపోండి. డబ్బు దండగ.

వానల గురించి కూడా ఒక మాట. ఎడారిలో వానేముందిలే అనుకుంటాం. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో (దుబాయ్, అబుదాబి ఉన్న దేశం) ఒక చోట ఒక్క రోజులో 254 మిల్లీమీటర్లు దాటింది, 75 ఏళ్ల రికార్డుల్లో అదే పెద్దది. మురుగు కాలువలు పెద్దగా లేని ఊళ్లు, నీళ్లు నిలిచిపోయాయి. అరుదే. నాలుగు రోజుల ముందు సూచన చూసుకుంటే చాలు.

## మస్కట్

తిరకాసు ఉన్న ఊరు. మిగతా గల్ఫ్‌కి జులై, ఆగస్టు ముదిరిన ఎండైతే, మస్కట్‌కి మే, జూన్. జులై నుంచి అరేబియా సముద్రపు గాలుల వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అంటే మన సెలవుల నెల అక్కడ అన్నిటికన్నా చెడ్డ నెల. మేం అనుభవించింది అదే. వెనక కొండల మీంచి దిగే పడమటి గాలి వీచిన రాత్రి, అర్ధరాత్రి తలుపు తీసినా వంటింట్లో పెనం ముందు నిలబడ్డట్టే ఉంటుంది. కొండరాళ్లు పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. నాన్నగారు పట్టుకున్న కడ్డీ రహస్యం అది.

తుపాను కూడా ఒమన్‌కి కొత్త కాదు. 2007 జూన్‌లో గోను, 2021 అక్టోబర్‌లో షహీన్. తీరప్రాంతం వాళ్లం కాబట్టి ఆ మాట వింటే మనకు పెద్దగా కంగారుండదు. కాని అక్కడ ప్రమాదం గాలి కన్నా వాగులతో. వాది అంటారు. ఎండిపోయిన వాగు అరగంటలో ఉరకలెత్తుతుంది. కారు దింపకూడదు.

## సలాలా

ఎండాకాలంలో ఎవరైనా వెళ్తామంటే నేను వద్దనని ఒకే ఒక్క చోటు. మనకు వానలు తెచ్చే నైరుతి గాలే దారిలో ఒమన్ దక్షిణ అంచున ఉన్న ధోఫార్ కొండల్ని తాకుతుంది. ఆ గాలి తోపుకి తీరం దగ్గర సముద్రపు అడుగు నీళ్లు పైకొచ్చి, పైనీళ్లు చల్లబడతాయి. అంతే, జూన్ చివర నుంచి సెప్టెంబర్ మూడో వారం దాకా కొండలకు మంచు, సన్నజల్లు. ఖరీఫ్ అంటారు దాన్ని. మన ఖరీఫ్ మాటే, అరబ్బీ నుంచి వచ్చింది. మస్కట్ నలభైలో ఉడుకుతుంటే ఇక్కడ 27. కొండ దాటి అవతల తుమ్రైత్ వైపు దిగారా, మళ్లీ ఎర్రటి ఎడారే.

రెండో ప్రయాణంలో నాన్నగారిని ఆగస్టులో అక్కడికి తీసుకెళ్లాను. రోడ్డు వారనే కొబ్బరి బొండాలు, అరటి గెలలు, బొప్పాయిలు పెట్టిన కొట్లు వరసగా. ఆయన కారు ఆపించి దిగి, బొండం చేతిలో తూచి, వేలితో మొట్టి, నీళ్లు తాగి, "మన గంగాబొండాం కాదు గాని, పర్లేదు" అన్నారు. గల్ఫ్‌లో ఆయన మెచ్చుకున్న మొదటి వస్తువు అదే.

తిప్పలూ ఉన్నాయి. మస్కట్ నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. రోడ్డున వెళ్తే పది గంటలు, మధ్యలో చెట్టన్నది లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు విమానమే దిక్కు. జులై చివర, ఆగస్టుల్లో గల్ఫ్ అంతా అక్కడికే వస్తుంది, గదుల అద్దెలు పెరుగుతాయి. కొండ మీద మంచులో ముందు బండి కనపడదు. తేమకు దగ్గు ఎక్కువయ్యేవాళ్లు రెండు రోజులతో సరిపెట్టుకోవడం మంచిది.

## వాళ్లే ఇంటికొస్తే?

అక్కడి బడులకు సెలవులు చాలాచోట్ల జూన్ చివర నుంచి ఆగస్టు దాకా. అప్పుడు వాళ్లక్కడ ఉండటం కన్నా ఇక్కడికి రావడమే అన్ని విధాలా నయం. టికెట్ల ధరలు మండే నెల అదేనన్నది ఒక్కటే అడ్డు.

వచ్చే ముందు గోదారిని అడగండి. జులై, ఆగస్టులు వరద నెలలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది. లంక ఊరివాళ్లయితే మనవల్ని పడవల్లో దించాల్సిన రోజులవి. మీ ఇల్లు గట్టు లోపలో బయటో దాన్ని బట్టి తేల్చుకోండి. ఎర్రనీళ్లొచ్చాక పులస కూడా వస్తుంది, ఆ ఆశ ఎలాగూ ఉంటుంది.

## ఇంతకీ మీరెవరు?

అరవై దాటి బీపీ, షుగర్ ఉన్నవాళ్లు. మే నుంచి సెప్టెంబర్ దాకా సలాలా తప్ప ఇంకెక్కడికీ వద్దు. నీరు మాత్రలు వాడేవాళ్లు టికెట్ కొనే ముందే డాక్టరుగారితో మాట్లాడాలి. ఎండలో ఒంట్లోంచి పోయే నీటికి ఆ మాత్ర తోడవుతుంది. ఉబ్బసం ఉంటే కువైట్‌కి ఏప్రిల్ కూడా వద్దు, నవంబర్ మంచిది.

వ్యవసాయం ఉన్నవాళ్లు. అసలు ముడి ఇక్కడుంది. గల్ఫ్ బాగుండేది నవంబర్ నుంచి మార్చి, మనకు తీరిక మేలో. నవంబర్, డిసెంబర్లలో సార్వా కోతలు, నూర్పిళ్లు. వెంటనే దాళ్వా నాట్లు. సంక్రాంతికి కదిలే ప్రశ్నే లేదు. నాకు దొరికిన సందు ఒక్కటే: నాట్లు నిలదొక్కుకున్నాక ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి సగం దాకా. నీళ్లు పెట్టడం ఎవరికైనా అప్పగించాలి. కొబ్బరి ఒక్కటే ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, దింపుకీ దింపుకీ మధ్య వెళ్లి రావచ్చు. ఒక్క సంగతి, 2026, 2027ల్లో రంజాన్ కూడా ఫిబ్రవరి, మార్చిల్లోనే పడుతోంది. పగలు బయట తినడం, తాగడం దగ్గర అక్కడి పద్ధతి పాటించాలి. సాయంత్రాలు మాత్రం ఊరంతా దీపాలతో కళకళలాడుతుంది. అమ్మకు అదే నచ్చింది.

పసిపిల్లతో భర్త దగ్గరికి వెళ్లే అమ్మాయిలు. మీరు చూట్టానికి కాదు, ఉండటానికి వెళ్తున్నారు. అక్టోబర్ చివర్లో దిగితే ఆరు నెలలు అలవాటు పడటానికి దొరుకుతాయి. జూన్‌లో దిగితే పరాయి దేశంలో మొదటి మూడు నెలలు గదిలోనే గడుస్తాయి, మనసు విరిగేది అప్పుడే. ఆయన తొందరపెట్టినా నాలుగు నెలలు పుట్టింట్లో ఉండటం తప్పు కాదు.

మొదటిసారి పనికెళ్లే తమ్ముళ్లు. వీసా మీ చేతిలో ఉండదు, తెలుసు. నెల ఎంచుకునే వీలుంటే మాత్రం అక్టోబర్, నవంబర్. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, వడదెబ్బలు ఎక్కువగా తగిలేది ఆ మొదటి రోజుల్లోనే. వేసవిలో మధ్యాహ్నం ఆరుబయట పని ఆపాలన్న చట్టం అన్ని చోట్లా ఉంది: కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా 10 నుంచి 3.30 వరకు, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12.30 నుంచి 3 వరకు, ఒమన్‌లో జూన్, జులై, ఆగస్టుల్లో 12.30 నుంచి 3.30 వరకు. ఈ వేళలు గుర్తుంచుకోండి, మీ ఫోర్‌మన్ మర్చిపోవచ్చు. నేను పనిచేసిన ఒక చోట గోడ గడియారం కన్నా సూపర్‌వైజర్ గడియారం పావుగంట ఎప్పుడూ వెనకే నడిచేది. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు ఈ చట్టం అక్కరకు రాదు. మేడ మీద బట్టలు, వాకిట్లో కడుగుళ్లు పొద్దున్నే ముగించేలా ఇంటి మేడమ్‌తో మొదటి వారంలోనే మాట్లాడుకోవడం మంచిది.

## సూచనలు చూసే పద్ధతి

భారత వాతావరణ శాఖ ఫిబ్రవరి చివర్లో మార్చి నుంచి మే దాకా, ఏప్రిల్ మొదట్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండలు ఎలా ఉండొచ్చో చెబుతుంది. "మామూలు కన్నా ఎక్కువ ఉండే అవకాశం" అని ఉంటే అది సీజన్ మొత్తానికి మాట, ఫలానా మంగళవారానికి కాదు. అది చూసి ఇంటికి చలువ పెయింట్ వేయించాలా, ఏసీ బాగుచేయించాలా అన్నది తేల్చుకోవచ్చు. ప్రయాణం రోజు తేల్చుకోవడానికి నాలుగైదు రోజుల ముందు ఇచ్చే సూచనే ఆధారం. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో నారింజ కనిపిస్తే హైదరాబాద్ విమానాశ్రయానికి పగటి బస్సు మానేసి రాత్రి బస్సు పట్టండి. తీరంలో మనకు వడగాడ్పు అని చెప్పడానికి 37 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే చాలు. లోపలి మైదానాలకైతే 40 ఉండాలి. టీవీలో 38 అని చూసి ఇంతేనా అనుకోకూడదన్నది అందుకే.

గల్ఫ్‌కి సీజన్ సూచన పెద్దగా అక్కర్లేదు. అక్కడ ప్రతి జులై ఒకేలా కాస్తుంది, తేడాలు ఒకటి రెండు డిగ్రీల్లో. వెళ్లే వారంలో దుమ్ము ఉందా, తేమ ఎంత, తుపాను ఏమైనా అరేబియా సముద్రంలో ఉందా, ఈ మూడూ చూసుకోండి. ఫోన్‌లో ఉష్ణోగ్రత కింద చిన్న అక్షరాల్లో ఉండే 'ఒంటికి తెలిసే వేడి' అంకెనే పెద్దక్షరాల్లో చదవండి.

మా ఇంట్లో ఇప్పుడు ఫిబ్రవరే ఖాయం. పోయినేడు కువైట్‌లో అమ్మ సాయంత్రాలు అక్కవాళ్ల మేడ కింద గట్టు మీద కూర్చుని పక్కింటి కేరళావిడతో ఒక్క భాషా కలవకుండా గంటలు గంటలు కబుర్లు చెప్పింది. అక్కకు ఈ నెల మీద ఉన్న అభ్యంతరం ఒక్కటే. ఫిబ్రవరిలో వస్తే కొత్తావకాయ రాదు, నిరుటిదే తేవాలి.